తుంటి బొక్క విరిగిన పెద్దవారికి ఆపరేషన్: పడిన గంట నుంచి మళ్లీ నడిచేదాకా

మా నాయనమ్మ తెల్లవారుజామున వాకిట్లో సానుపు చల్లుతూ జారి పడింది. అప్పటికి ఆమెకు 76 ఏళ్లు. కుడికాలు పక్కకు వాలిపోయింది, లేవలేకపోయింది. ఈ వయసులో కోతలెందుకని ఇంట్లో పెద్దలు అనుకున్నారు. పక్క ఊరి నుంచి కట్టు కట్టే మనిషిని పిలిపించి, కోడిగుడ్డు సొన పట్టించిన గుడ్డతో, వెదురు బద్దలతో తుంటి నుంచి మోకాలి దాకా కట్టించారు. నలభై రోజులు కదలనీయవద్దని చెప్పి అతను వెళ్లిపోయాడు. మూడో వారంలో నడుము కింద పుండు పడింది. ఐదో వారంలో ఛాతీలో నెమ్ము చేరింది. ఆరో వారం దాటలేదు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఫిజియోథెరపీ చదువుకుని ఈ పనిలోకి వచ్చాక గానీ, ఆమె ప్రాణం తీసింది ఆ ఆరు వారాల మంచమేనని నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో తుంటి ఆపరేషన్ అయినవారి ఇళ్లకు వెళ్లి వారిని నడిపించడమే నా వృత్తి. ఆపరేషన్ చేసేది బొక్కల (ఎముకల) డాక్టరే అయినా, ముందు ఎన్ని రోజులు పోగొట్టుకున్నారు, తరువాత ఎన్ని రోజులు పడుకోబెట్టారు అన్న రెండు విషయాలు ఇంటివాళ్ల చేతుల్లోనే ఎక్కువగా ఉంటాయి. మనిషిని మంచం మీద నుంచి లేపడానికే ఈ ఆపరేషన్ చేస్తారన్న సంగతి మనసులో పెట్టుకుంటే, కింద రాసిన ప్రతి సూచనా ఎందుకు రాశానో తెలుస్తుంది.

పడిన చోట

అరవై దాటినవారు నిలబడ్డ చోటి నుంచి జారిపడి లేవలేకపోతే, తుంటి విరిగిందనే ముందు అనుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టి రెండు పాదాలూ పక్కపక్కన చూడండి. విరిగిన వైపు కాలు కొంచెం పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటి వైపుకు తిరిగి పడిపోయి ఉంటుంది, మడమను మంచం మీద నుంచి పైకి లేపమంటే లేపలేరు. ఈ మూడూ కలిసి ఉంటే ఇక అనుమానం అక్కరలేదు. కానీ ఇవేవీ లేకుండా కూడా విరగవచ్చు. తొడ ఎముక పైకొనన ఉండే బంతి కింది సన్నటి మెడ దగ్గర విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి దిగబడిపోతే కాలు పొట్టిగా కనిపించదు, కొందరు కుంటుకుంటూ రెండు మూడు రోజులు నడుస్తారు కూడా. తరువాత ఒక ఉదయం అడుగు వేయగానే ఆ ముక్కలు జారిపోతాయి. ఇంకొందరికి నొప్పి తుంటిలో కాకుండా మోకాలిలో తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీసి బాగానే ఉందని పంపించిన తరువాత తుంటి విరిగినట్టు తేలినవారిని నేనే చూశాను. పడిన తరువాత గజ్జలో నొప్పి ఉండి, ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా బరువు మోపలేకపోతుంటే ఎమ్మారై గానీ సీటీ గానీ తీయమని అడగాలి.

చంకల్లో చేతులు వేసి నిలబెట్టే ప్రయత్నం చేయవద్దు. రెండు కాళ్ల మధ్య మెత్తటి దిండు పెట్టి, మోకాళ్ల పైన ఒక తువ్వాలుతో, చీలమండల పైన మరొక తువ్వాలుతో రెండు కాళ్లనూ కలిపి వదులుగా కట్టండి. దిట్టమైన దుప్పటిని మనిషి కిందికి జరిపి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని ఒకేసారి ఎత్తితే నొప్పి తక్కువ. ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవడం కన్నా 108కి ఫోన్ చేసి ఆగడం మంచిది. ఆ లోపల ఊరి ఆర్‌ఎంపీ వచ్చి నొప్పికి డైక్లోఫినాక్ సూది వేస్తానంటే, వృద్ధుల కిడ్నీలకు అది మంచిది కాదని చెప్పి వద్దనండి. పారాసిటమాల్ బిళ్ల ఇవ్వవచ్చు. దవాఖాన చేరేదాకా ఉపవాసం పెట్టవద్దు, ముఖ్యంగా నీళ్లు ఆపవద్దు. మత్తు ఇచ్చే సమయం ఖరారయ్యాక, దానికి 6 గంటల ముందు అన్నం, 2 గంటల ముందు నీళ్లు ఆపితే సరిపోతుంది. ఉదయం అవుతుందన్న ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా పడి, రోజంతా నాలుక పిడచగట్టుకుపోయి పడుకున్న ముసలమ్మలను చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. వాయిదా పడిందని తెలిసిన వెంటనే నర్సును అడిగి నీళ్లు పట్టించండి.

బయలుదేరేటప్పుడు ఒక సంచిలో ఆధార్, రేషన్ కార్డు, పాత ఈసీజీ, వాడుతున్న మందుల డబ్బాలన్నీ వేసుకోండి. బీపీ, షుగర్ మందులతో పాటు రక్తం పలుచబడే మందు ఏదైనా వాడుతున్నారా అన్నది డాక్టరుకు మొదట తెలియవలసిన సంగతి.

ఎంత త్వరగా

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం తుంటి విరిగినవారికి దవాఖానలో చేరిన రోజునే గానీ, మరుసటి రోజు గానీ ఆపరేషన్ జరగాలి. మన దగ్గర ప్రతిచోటా అది వీలు కాకపోవచ్చు గానీ, 48 గంటలు దాటకూడదన్న పట్టుదల మాత్రం ఇంటివాళ్లకు ఉండాలి. రోజులు గడిచేకొద్దీ పడక పుండ్లు, నెమ్ము, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మంచి వైద్యం అందే దేశాలలో కూడా తుంటి విరిగిన వృద్ధుల్లో 20 నుంచి 30 శాతం మంది ఏడాది లోపల చనిపోతున్నారు. అందుకే పుత్తూరు కట్టు కోసం బస్సెక్కే ఆలోచనను ఈ ఒక్క విషయంలో మానుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను. ముంజేయి విరిగినప్పుడు కట్టుతో అతుక్కుని ఉండవచ్చు. తుంటి చుట్టూ ఉన్న బలమైన కండరాలు ముక్కలను ఎప్పుడూ పైకి లాగుతూనే ఉంటాయి, బయట కట్టిన ఏ కట్టూ వాటిని ఆపలేదు. కాలికి బరువు వేలాడదీసి ఆపరేషన్ కోసం రోజుల తరబడి ఎదురుచూడడం కూడా వైద్యం కాదు. దానికన్నా గజ్జలో మత్తు సూది వేసి ఆ భాగాన్ని మొద్దుబారేలా చేసే పద్ధతి ఉంది, అది చేస్తారా అని మత్తు డాక్టరును అడగండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రులు ఉన్నాయి. నార్కట్‌పల్లిలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ ప్రైవేటు మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి. గుండె జబ్బు గానీ, కిడ్నీ జబ్బు గానీ ముదిరి ఉంటే తప్ప, హైదరాబాద్ పోవడానికి ఒక రోజంతా ఖర్చు చేయవలసిన పని సాధారణంగా ఉండదు. ఎక్కడ చేరినా మొదటి గంటలో అడగవలసినవి మూడే: ఆపరేషన్ ఎప్పుడు చేయగలరు, థియేటర్‌లో సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం పనిచేస్తోందా, మత్తు డాక్టరు రేపు అందుబాటులో ఉంటారా. జవాబు నాలుగైదు రోజులైతే ఆ పూటే ఇంకో చోటు చూసుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. చేరగానే ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గరికి వెళ్లి, మీకు చెప్పిన ఆపరేషన్ పథకంలో ఏ పేరుతో ఉందో, అనుమతి ఎప్పటికి వస్తుందో అడిగి రాసుకోండి. అనుమతి కాగితం ఆలస్యమై ఆపరేషన్ ఆగడం నేను చూశాను కాబట్టి, ఆ పనికి ఇంట్లో చదువుకున్న కుర్రవాణ్ని ఒకణ్ని ప్రత్యేకంగా పెట్టడం మంచిది.

ఆగవలసిన కారణాలు కొన్ని నిజంగానే ఉంటాయి. హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువగా ఉండడం, రక్తంలో సోడియం బాగా పడిపోవడం, గుండె ఆయాసం అదుపులో లేకపోవడం, షుగర్ మితిమీరి ఉండడం, ఛాతీలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వంటివి ఉంటే ముందు వాటిని సరిచేయాలి. సాధారణంగా ఇవి ఒకటి రెండు రోజుల్లో సరిచేయగలిగినవే. టూడీ ఎకో అనే గుండె స్కాన్ తీసే డాక్టరు సోమవారం వస్తాడు కాబట్టి అప్పటిదాకా ఆగండి అనడం మాత్రం వేరు. అది ఈ రోగికి నిజంగా అవసరమా అని మర్యాదగానే అడగండి. రక్తం పలుచబడే క్లోపిడోగ్రెల్ మందు వాడుతున్నవారిని ఐదారు రోజులు ఆపడం ఒకప్పటి అలవాటు. ఇప్పుడు చాలా సందర్భాల్లో అంతకాలం ఆగకుండానే, అవసరమైతే వెన్నులో కాకుండా పూర్తి మత్తు ఇచ్చి చేస్తున్నారు. అలాంటిదే మరో మందు వార్ఫరిన్ వాడేవారికి విటమిన్ కె ఇచ్చి దాని ప్రభావాన్ని తగ్గించవచ్చు.

పడకముందే ఏళ్ల తరబడి మంచానికే పరిమితమైనవారికి, చివరి దశలో ఉన్నవారికి ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. అటువంటివారికి కూడా ఒక్కోసారి పక్కకు తిప్పినప్పుడల్లా పెట్టే ఆ నొప్పి పోవడానికే ఆపరేషన్ చేస్తారు. డాక్టరుతో కూర్చుని నిదానంగా మాట్లాడి తేల్చుకోవలసిన విషయం అది.

ఎక్కడ విరిగింది, ఏం వేస్తారు

"పక్క బెడ్డు వాళ్లకు బంతి మార్చారు, మాకు రాడ్డు వేసి పంపించారు, డబ్బులు తక్కువ కట్టామనా?" అని ఒక కొడుకు నన్ను అడిగాడు. ఈ అనుమానం చాలామందికి ఉంటుంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

తొడ ఎముక పైకొన గుండ్రటి బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతికి కింద సన్నటి మెడ, మెడకు కింద కండరాలు అంటుకునే వెడల్పాటి గూడల వంటి భాగం ఉంటాయి. బంతికి రక్తం ఎక్కువ భాగం కింది నుంచి మెడను అంటిపెట్టుకుని పైకెక్కే సన్నని రక్తనాళాల ద్వారానే అందుతుంది. మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఆ నాళాలు తెగుతాయి, నీళ్ల కాలువ తెగిన మడిలా బంతి ఎండిపోవచ్చు. స్క్రూలు వేసి అతికించినా అది అతకకపోవడమో, ఏడాది రెండేళ్లకు బంతి కుంగిపోవడమో జరిగి, వృద్ధులకు రెండోసారి ఆపరేషన్ అవసరమవుతుంది. అందుకే పెద్దవారిలో మెడ విరిగి జరిగిపోతే ఆ బంతిని తీసేసి లోహపు బంతి పెడతారు. గిన్నెను అలాగే ఉంచి బంతిని మాత్రమే మార్చడం సగం మార్పిడి, మన దగ్గర ఎక్కువగా బైపోలార్ అనే రకం వాడతారు. పడకముందు ఎవరి సాయం లేకుండా పొలానికీ, బజారుకూ తిరుగుతూ ఉండి, మతి చక్కగా ఉన్నవారికి గిన్నెను కూడా మార్చే పూర్తి తుంటి మార్పిడి మేలు చేయవచ్చు. లోహపు బంతికి ఉండే కాడను తొడ బొక్క లోపల సిమెంటుతో బిగిస్తారా, లేకుండా దిగగొడతారా అని కూడా అడగండి. గుల్లబారిన వృద్ధుల బొక్కలో సిమెంటు వేసిన కాడతో తొడ నొప్పి తక్కువ, కాడ చుట్టూ బొక్క మళ్లీ విరిగే అవకాశమూ తక్కువ. సిమెంటు నింపే క్షణంలో కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారి విషయంలో మత్తు డాక్టరు ముందే సిద్ధంగా ఉంటారు.

మెడ విరిగినా ముక్కలు జరగకపోతే, పెద్దవారికైనా చిన్న కోతతో సాధారణంగా మూడు స్క్రూలు వేసి నిలబెట్టవచ్చు. అరవై లోపువారి సంగతి వేరు. బండి మీద నుంచి పడి తొడ ఎముక మెడ విరిగిన నలభై ఏళ్ల మనిషికి సొంత బంతిని కాపాడడానికే శాయశక్తులా ప్రయత్నించాలి, అందులో ఆలస్యం అసలు పనికిరాదు.

విరిగింది మెడకు కింద గూడల దగ్గరైతే కథ మారిపోతుంది. అక్కడ రక్తం పుష్కలంగా అందుతుంది, బొక్క అతుకుతుంది. ఇబ్బందల్లా అతికే లోపల ఒంటి బరువుకు ముక్కలు కుంగిపోవడమే. కాబట్టి బంతిని మార్చే పని లేదు, ముక్కలను సరిచేసి లోపల ఊత వేస్తే చాలు. రెండే ముక్కలుగా విరిగి బయటి గోడ గట్టిగా ఉంటే డీహెచ్ఎస్ అనే ప్లేటు, జారే స్క్రూ సరిపోతాయి. ఎక్కువ ముక్కలైనా, గీత అడ్డం తిరిగినా, విరుపు కిందికి దిగినా తొడ ఎముక మధ్యలోని బోలులోకి దించే పీఎఫ్ఎన్ రాడ్డు మేలు. అడిగిన ఆ కొడుకుకు వాళ్ల అమ్మ ఎక్స్‌రేను నేను కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించి, విరిగిన గీత ఎక్కడుందో వేలితో చూపితే అతనికి సందేహం తీరింది. ఆమెకు సరైన ఆపరేషన్ రాడ్డే.

రాడ్డు గుండా బంతిలోకి పోయే లావు స్క్రూ ఎక్కడ నిలిచిందన్నది దాదాపు అన్నిటికన్నా ముఖ్యం. ముందు నుంచి, పక్క నుంచి తీసిన రెండు ఎక్స్‌రేలలో స్క్రూ కొన నుంచి బంతి శిఖరం దాకా ఉన్న దూరాలను కొలిచి కూడితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలని 1995 నుంచి సర్జన్లు ఒక కొలత పాటిస్తున్నారు. అంతకన్నా ఎక్కువైతే ఆ స్క్రూ గుల్ల బొక్కను చీల్చుకుని బయటికి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ తరువాతి ఎక్స్‌రే చూపించి "స్క్రూ సరిగ్గా కూర్చుందా, రేపటి నుంచి పూర్తి బరువు మోపవచ్చా" అని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు. ఏ ఆపరేషన్ అయినా మరుసటి రోజున పూర్తి బరువు మోపనిచ్చేదిగా ఉండాలన్నదే లక్ష్యం, ఎందుకంటే ఎనభై ఏళ్ల మనిషిని "సగం బరువే మోపు" అంటే ఆమె వల్ల కాదు, భయపడి మంచం దిగనే దిగదు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి విషయం

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు కృష్ణా నీళ్లు రాకముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగినవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి దేశమంతటా మన నల్లగొండ జిల్లా పేరే ఉందంటే ఆ బాధ ఎంత పాతదో తెలుస్తుంది. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా, మహా గట్టిదిలా కనిపిస్తుంది. నిజానికి అది సుద్దముక్కలా పెళుసు. బొక్క లోపల రాడ్డు కోసం దారి తొలిచేటప్పుడు డ్రిల్లు దిగక కష్టపడవలసి వస్తుంది, బలవంతం చేస్తే కొత్తగా చిట్లవచ్చు. వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీలు కూడా సున్నంలా గట్టిపడి ఉంటాయి కాబట్టి వెన్నులో మత్తు సూది దిగకపోవచ్చు. మర్రిగూడ వైపు పెద్దాయన ఒకరికి మూడు చోట్ల ప్రయత్నించినా సూది దిగక, చివరికి పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చింది. మెడ వంగదు, నడుము వంగదు అన్న సంగతి ముందే చెప్పి ఉంటే ఆయనకు ఆ నొప్పి తప్పేది. మీ ఊరు ఫలానా అని, ఇన్నేళ్లు బోరు నీళ్లు తాగారని సర్జనుకూ, మత్తు డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా వీరిలో ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తుంది కాబట్టి, ఆ అంకె చూసి ఎముకలు గట్టిగా ఉన్నాయని అనుకోకూడదు.

మరుసటి రోజు

ఆపరేషన్ అయిన మరుసటి ఉదయం లేపి నిలబెట్టాలి. ఇది విని చాలామంది ఇంటివాళ్లు నా మీద కోప్పడతారు. "కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, కొంచెం మానాక" అంటారు. కుట్లు మానడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ లోపల తొడ కండరాలు ఎంత కరిగిపోతాయో ఒకసారి చూసినవారు మళ్లీ ఆ మాట అనరు.

నొప్పి మందు వేసిన అరగంటకు మొదలుపెట్టండి. ముందు మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ పడిపోతోందని అర్థం, వెంటనే పడుకోబెట్టి కొంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలి. నడుము చుట్టూ గట్టి తువ్వాలు బిగించి, వెనుక దాన్ని ఒకరు పిడికిలితో పట్టుకోవాలి. భుజాలు పట్టుకుని లాగకూడదు. వాకర్ ఎత్తు సరిచూడండి: నిటారుగా నిలబడి చేతులు కిందికి వేలాడేస్తే, పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. దుకాణంలో ఇచ్చిన ఎత్తులోనే వాడి, వంగి వంగి నడుస్తున్నవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కాళ్లకున్న బటన్ నొక్కి ఆ ఎత్తు మార్చడం ఒక్క నిమిషం పని. తరువాత నడక వరుస: ముందు వాకర్, తరువాత ఆపరేషన్ కాలు, తరువాత మంచి కాలు. మొదటి రోజు నాలుగు అడుగులు వేస్తే చాలు, మర్నాడు గుమ్మం దాకా, మూడో రోజు బాత్‌రూం దాకా వెళ్లాలి.

మిగతా సమయంలో మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించాలి. మోకాలి కింద మడత పెట్టిన తువ్వాలు ఉంచి దాన్ని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. గుండెల నిండా గాలి పీల్చి వదలాలి. పిక్క కింద దిండు పెట్టి మడమ మాత్రం గాలిలో తేలేలా చూడండి, మడమ పుండ్లు ఇంటివాళ్ల కంట పడేసరికే నల్లబడి ఉంటాయి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మూత్రపు గొట్టం ఇంకా ఎందుకుందని రోజూ అడగండి, ఒకటి రెండు రోజుల్లో తీసేయడమే మంచిది. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసే ఇంజెక్షన్లను సాధారణంగా నెల రోజులపాటు ఇస్తారు, డిశ్చార్జి అయ్యాక ఎవరు వేస్తారో ముందే చూసుకోండి.

రెండో రాత్రో మూడో రాత్రో పెద్దవారు ఒక్కసారిగా పొంతన లేకుండా మాట్లాడడం, చనిపోయినవారిని పిలవడం, సెలైన్ పీకేయడం జరగవచ్చు. గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తేవారున్నారు. ఆపరేషన్, నొప్పి, నిద్రలేమి, నీళ్లు చాలకపోవడం, ఇన్ఫెక్షన్ కలిసి తెచ్చే తాత్కాలిక మతి చలనం ఇది. డాక్టరుకు చెప్పి కారణం వెతికించాలి. కళ్లజోడు, పళ్ల సెట్టు, చెవి మిషను తీసుకొచ్చి పెట్టండి, పగలు కిటికీ తెరవండి, తెలిసిన మొహం ఒకటి ఎప్పుడూ ఎదురుగా ఉండనివ్వండి. మా ఊరి అవ్వ ఒకామె చిన్న కూతురు గొంతు వినగానే కుదుటపడేది, మందు కన్నా అదే ఎక్కువ పనిచేసింది.

ఇంటికి వచ్చాక

వాకర్‌తో పది అడుగులు వేయగలగడం, సాయంతో కుర్చీలో కూర్చుని లేవగలగడం వచ్చాక ఇంటికి పంపుతారు. నులక మంచం నడుమ కుంగుతుంది కాబట్టి దాన్ని పక్కనపెట్టి చెక్క మంచం వేయండి, ఎత్తు చాలకపోతే కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. కూర్చున్నప్పుడు మోకాళ్ల కన్నా తుంటి కొంచెం ఎత్తులో ఉండాలి. నేల మీద గుంజీలా కూర్చునే మరుగుదొడ్డి పనికిరాదు, దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. బంతి మార్పిడి అయినవారికి, ముఖ్యంగా వెనుక వైపు నుంచి కోత పెట్టినవారికి, మొదటి 6 నుంచి 12 వారాలు బంతి గిన్నె నుంచి జారే ప్రమాదం ఎక్కువ. నేల మీద కూర్చోవడం, కాలి మీద కాలు వేసుకోవడం, కింద పడిన వస్తువు కోసం వంగడం, ఆపరేషన్ కాలిని లోపలికి తిప్పడం వారికి పనికిరావు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు ఉండాలి. రాడ్డు వేసినవారికి జారే భయం లేదు, వారికి ఈ నియమాలన్నీ అక్కరలేదు.

షాబాద్ బండల మీద నీళ్లు పడితే వాకర్ కాళ్లు జారతాయి. కాళ్ల రబ్బరు బుడిపెలు అరిగాయేమో వారానికోసారి తిప్పి చూడండి, కొత్తవి చవకే. మెట్లయితే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తిండిలో గుడ్డు, పప్పు, పాలు, పెరుగు ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. పత్యం పేరుతో చారన్నం పెట్టి కండ పెరగాలనుకుంటే పెరగదు. పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము గానీ తడి గానీ కనిపించినా, నడుస్తున్న కాలు ఒక్కసారిగా పొట్టిదై అడుగు పడకపోయినా ఆ రోజే దవాఖానకు వెళ్లాలి. లేకపోతే 6 వారాలకు, 3 నెలలకు ఎక్స్‌రేతో చూపించుకుంటే చాలు. బొక్క అతకడానికి సాధారణంగా 3, 4 నెలలు పడుతుంది. వాకర్ నుంచి చేతికర్రకు మారడం ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో జరుగుతుంది, తొందరపెట్టవద్దు.

అందరూ మరిచిపోయే మందు

నేను వెళ్లే ఇళ్లలో ఎక్కువ శాతం డిశ్చార్జి కాగితాల్లో ఎముకల గుల్లతనానికి మందు ఏదీ ఉండదు. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటేనే ఎముక గుల్లబారిందని అర్థం, రెండో తుంటి కూడా అదే స్థితిలో ఉంటుంది. విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించి, లోటు ఉంటే ముందు దాన్ని భర్తీ చేసి, తరువాత ఎముకల మందు మొదలుపెట్టాలి. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆసిడ్‌ను తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు ఇచ్చి చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. కొత్త విరుపులు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని అందులో తేలింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇది పనికిరాదు, పళ్లు పీకించుకోవలసి ఉంటే ముందే ఆ పని చేయించుకోవాలి, ఫ్లోరోసిస్ ఉన్నవారికి ఏ మందు ఇవ్వాలన్నది ఎముకల పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి. కుట్లు తీయించుకోవడానికి వెళ్లిన రోజునే "ఎముకల గుల్లతనానికి మందు ఎప్పుడు మొదలుపెడతారు" అని అడగండి. ఇంజెక్షన్ వేయించాక ఆ తేదీని డిశ్చార్జి కాగితం వెనుక పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద వచ్చే ఏడాది తేదీ కూడా రాసి, ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో కలిపి భద్రపరచండి.